చలికాలంలో చికాగో మొదటిసారి తిరిగేవాళ్ళకి: జాకెట్ కొనే దగ్గర్నుంచి రోజు ప్లాన్ దాకా

నవంబర్ దాటిందంటే చాలు, అదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంది. "డిసెంబర్‌లో డాలస్ నుంచి వస్తున్నాం, చికాగో తిరగొచ్చా?", "అమ్మావాళ్ళు జనవరిలో దిగుతున్నారు, ఆ చలిలో బయటికి తీసుకెళ్ళొచ్చా?" అని. తిరగొచ్చు, హాయిగా తిరగొచ్చు. కాకపోతే జూన్‌లో తిరిగినట్టు పొద్దున బయల్దేరి సాయంత్రం దాకా రోడ్లంట నడుద్దాం అంటే మాత్రం మధ్యాహ్నానికే అందరూ మొహాలు వేలాడేసుకుని హోటల్‌కి వచ్చేస్తారు.

ఇక్కడ చలికాలంలో ఊరు చూసే పద్ధతి ఒక్కటే. ఒక వెచ్చటి చోటు నుంచి ఇంకో వెచ్చటి చోటుకి వెళ్ళడం. బయట పది పదిహేను నిమిషాలు, లోపల గంటో గంటన్నరో, మళ్ళీ బయట పది నిమిషాలు. కింద రాసిందంతా ఈ ఒక్క లెక్క మీదే నడుస్తుంది, వరసగా చదవండి.

1. ముందు నెల ఎంచుకోండి

నవంబర్ చివర్నుంచి డిసెంబర్ 24 దాకా ఊరంతా లైట్లు ఉంటాయి. డేలీ ప్లాజాలో క్రిస్‌కిండ్ల్‌మార్కెట్ అని జర్మన్ పద్ధతి క్రిస్మస్ సంత పెడతారు, లోపలికి వెళ్ళడానికి టికెట్ లేదు. చలి ఉంటుంది గానీ జనవరంత కాదు. మొదటిసారి వచ్చేవాళ్ళకి, పిల్లలున్నవాళ్ళకి నేను ఇదే చెప్తాను.

జనవరి, ఫిబ్రవరి అసలు చలి. హోటల్ రేట్లు మాత్రం ఏడాది మొత్తంలో అప్పుడే తక్కువ, మ్యూజియంలు కూడా ఖాళీగా ఉంటాయి. జనవరిలో మామూలు రోజు పగలు 32 డిగ్రీల ఫారెన్‌హీట్ చుట్టుపక్కల, అంటే మన లెక్కలో సున్నా సెల్సియస్, రాత్రి దాని కిందకి. అప్పుడప్పుడు ఒక వారం ఆర్కిటిక్ గాలి దిగుతుంది, అది వేరే సంగతి. 2019 జనవరి చివర్లో మైనస్ 23 ఫారెన్‌హీట్ దాకా పడిపోయింది.

చలికాలంలో ఉండనివి కూడా ముందే తెలుసుకోండి, లేకపోతే వచ్చాక ఉసూరుమంటారు. బకింగ్‌హామ్ ఫౌంటెన్ ఆపేసి ఉంటుంది. నదిలో బిల్డింగులు చూపించే బోట్లు చాలావరకు ఆగిపోతాయి. ఊరి పక్కనే ఉన్న లేక్ మిషిగన్ ఒడ్డున బీచ్‌ల దగ్గర ఏమీ ఉండదు. థాంక్స్‌గివింగ్ రోజు, క్రిస్మస్ రోజు చాలా మ్యూజియంలు మూసేస్తారు, ఆ రెండు రోజులు ప్లాన్‌లో ఖాళీగా వదిలేయండి.

2. వెదర్ యాప్ చదవడం నేర్చుకోండి

మన వాళ్ళు టెంపరేచర్ ఒక్కటే చూస్తారు. ఇక్కడ చూడాల్సింది దాని కింద "ఫీల్స్ లైక్" అని ఉండే అంకె, అదే విండ్ చిల్. బయట 20 ఫారెన్‌హీట్ ఉండి గంటకి 20 మైళ్ళ గాలి వీస్తుంటే ఒంటికి తగిలేది 4 డిగ్రీలే, అంటే దాదాపు మైనస్ 16 సెల్సియస్. అదే సున్నా ఫారెన్‌హీట్ ఉండి 15 మైళ్ళ గాలి ఉంటే మైనస్ 19 ఫారెన్‌హీట్ అవుతుంది, అలాంటప్పుడు కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టుకుపోయే ప్రమాదం ఉంది.

ఫారెన్‌హీట్ తలకెక్కకపోతే ఒక చిట్కా: 30 తీసేసి సగం చేయండి. 50 అంటే 10, 20 అంటే మైనస్ 5. కరెక్ట్ లెక్క కాదు గానీ ఏ జాకెట్ వేసుకోవాలో తేల్చుకోవడానికి సరిపోతుంది.

రోజు ఎలా ప్లాన్ చేయాలో నేను ఫీల్స్ లైక్ చూసే చెప్తాను, అంకెలన్నీ ఫారెన్‌హీట్‌లో:

- 25 పైన: మామూలుగా తిరగండి, ఒక్కోసారి అరగంట బయట ఉన్నా పర్లేదు.
- 10 నుంచి 25: బయట పదిహేను నిమిషాలు మించకుండా చూసుకోండి.
- సున్నా నుంచి 10: ఇండోర్ ప్రోగ్రామే పెట్టుకోండి, మధ్యలో ఐదు పది నిమిషాల నడక.
- సున్నా కింద: ఒక్క మ్యూజియం, గుమ్మం దాకా క్యాబ్. అంతే.
- ఎక్స్‌ట్రీమ్ కోల్డ్ వార్నింగ్ గానీ వింటర్ స్టార్మ్ వార్నింగ్ గానీ వస్తే ఆ రోజు పెద్దవాళ్ళని, పిల్లల్ని అసలు కదపొద్దు.

3. బట్టలు: డబ్బులు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ అక్కర్లేదు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు చెప్తాను, ఎందుకంటే నేను చూసిన పాడైపోయిన ట్రిప్పుల్లో సగం బట్టల వల్లే పాడయ్యాయి.

మా నాన్న మొదటిసారి జనవరిలో వచ్చినప్పుడు కాటన్ బనీను, చొక్కా, దాని మీద రెండు స్వెట్టర్లు, పైన ఒక కోటు వేసుకుని "ఇంకేం కావాలిరా" అన్నారు. మిషిగన్ అవెన్యూ వంతెన మీదకి వచ్చాం. నది మీంచి గాలి ఒక్క తోపు తోసింది. స్వెట్టర్లకి ఉన్న ప్రతి సందులోంచి గాలి లోపలికి వెళ్ళిపోయింది, కళ్ళలోంచి నీళ్ళు వాటంతట అవే కారుతున్నాయి, చెవులు ఎర్రగా అయిపోయాయి, ఆయన వంతెన రెయిలింగ్ పట్టుకుని వెనక్కి తిరిగి నిలబడిపోయారు. వంతెన దాటడానికి పట్టేది రెండు నిమిషాలే. ఆ రెండు నిమిషాల తర్వాత ఆయన వారం రోజులు బయటికి రానన్నారు. తప్పు ఆయనది కాదు, ముందు రోజే షాపుకి తీసుకెళ్ళాల్సింది నేను.

మూడు పొరలు, ఈ వరసలోనే:

- ఒంటికి ఆనుకుని థర్మల్స్, పైనా కిందా. ఉన్నివి గానీ పాలిస్టర్‌వి గానీ. కాటన్ వద్దు, చెమట పడితే తడి అలాగే ఉండిపోయి ఒళ్ళు చల్లబడిపోతుంది.
- దాని మీద ఫ్లీస్ గానీ ఒక ఉన్ని స్వెట్టర్ గానీ. ఒకటి చాలు.
- పైన గాలిని ఆపే జాకెట్. హుడ్ ఉండాలి, తొడల దాకా పొడవుండాలి, చేతుల దగ్గర బిగుతుగా ఉండాలి.

డబ్బులు పెట్టాల్సింది జాకెట్ మీద, బూట్ల మీద. మిగతావి చవకవైనా పర్లేదు. ఇండియాలో కొనకండి, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో "స్నో జాకెట్" అని అమ్మేవాటిలో చాలావాటికి ఇక్కడి గాలి ఆగదు. వచ్చాక బర్లింగ్టన్, టీజే మాక్స్, కాస్ట్‌కో లాంటి చోట్ల చూడండి. యూనిక్లో థర్మల్స్ పల్చగా ఉంటాయి, లోపల వేసుకుంటే ఇబ్బందనిపించదు. దిగిన రోజు ఎయిర్‌పోర్ట్ నుంచి షాపు దాకా బతకడానికి మాత్రం ఒక జాకెట్ హ్యాండ్ లగేజ్‌లో పెట్టుకోండి, చెక్‌ఇన్ బ్యాగ్‌లో వేయకండి, బ్యాగ్ ఒక రోజు లేటుగా వచ్చిందంటే మీరు చొక్కాతో ఉండిపోతారు.

బూట్ల సంగతి. వాటర్‌ప్రూఫ్ ఉండాలి, అడుగు రబ్బర్‌ది, గాడులు లోతుగా ఉండాలి, సైజు అర నంబర్ పెద్దది తీసుకోవాలి. బిగుతు బూట్లలో రెండు జతల సాక్సులు తొడిగితే వెచ్చగా ఉంటుందనుకుంటారు, జరిగేది రివర్స్, రక్తం ఆడక కాళ్ళు ఇంకా త్వరగా చల్లబడతాయి. ఒక్క జత మందపాటి ఉన్ని సాక్సులు, వేళ్ళు కదిలేంత జాగా. అది చాలు.

చీర కట్టుకునే అమ్మలకి: లోపల పరికిణీ కింద థర్మల్ లెగ్గింగ్స్ తప్పనిసరి, పవిట మొత్తం జాకెట్ లోపలికి దోపేసి జిప్ వేయాలి, కుచ్చిళ్ళు చీలమండ పైకి ఉండేలా కట్టుకోవాలి. లేకపోతే అంచు బురద మంచులో తడిసి, కాసేపటికి అట్టలా గట్టిపడి కాళ్ళకి కొట్టుకుంటుంది. గుడికో ఫంక్షన్‌కో తప్ప మిగతా రోజులు సల్వార్‌కో ప్యాంటుకో ఒప్పించండి. మొదటి రోజు కాదంటారు, రెండో రోజు వాళ్ళే అడుగుతారు.

చిన్న సామాన్ల లిస్ట్:

- చెవులు మూసే ఉన్ని టోపీ. మన మంకీ క్యాప్ భేషుగ్గా పనికొస్తుంది, మొహమాటపడకండి.
- మెడకీ ముక్కుకీ కప్పుకోవడానికి గొట్టంలా ఉండే నెక్ గేటర్, మఫ్లర్ కంటే ఇది నయం, జారదు.
- గ్లవ్స్. వేళ్ళన్నీ కలిసి ఉండే మిటెన్స్ ఎక్కువ వెచ్చగా ఉంటాయి. ఫోన్ టచ్ పనిచేసే పల్చటి గ్లవ్స్ లోపల ఒక జత.
- హ్యాండ్ వార్మర్ ప్యాకెట్లు. చింపి పెట్టాక వేడెక్కడానికి కొంచెం టైమ్ పడుతుంది, బయల్దేరే ముందే చింపండి.
- లిప్ బామ్, వాజలీన్, మాయిశ్చరైజర్.
- పవర్ బ్యాంక్.

4. ఎయిర్‌పోర్ట్ నుంచి ఊళ్ళోకి

పెద్ద ఎయిర్‌పోర్ట్ ఓహేర్‌లో ఇంటర్నేషనల్ ఫ్లైట్లు ఎక్కువగా టెర్మినల్ 5కి వస్తాయి. అక్కడ్నుంచి ఎయిర్‌పోర్ట్ లోపల తిరిగే ఫ్రీ ట్రైన్ ఎక్కి టెర్మినల్ 1, 2, 3 వైపు రావాలి, బ్లూ లైన్ అనే సిటీ ట్రైన్ స్టేషన్ అక్కడ కింద ఉంటుంది. బ్లూ లైన్‌లో డౌన్‌టౌన్‌కి ముప్పావుగంట. ఓహేర్‌లో ఎక్కేటప్పుడు మాత్రం మిగతా స్టేషన్ల కంటే టికెట్ ఎక్కువ, కంగారుపడకండి. రెండో ఎయిర్‌పోర్ట్ మిడ్‌వేలో దిగితే ఆరెంజ్ లైన్, అరగంట లోపే.

రెండు పెద్ద సూట్‌కేసులు, పక్కన పెద్దవాళ్ళు ఉంటే ట్రైన్ వద్దు, క్యాబ్ తీసుకోండి. దిగే స్టేషన్ నుంచి హోటల్‌కి నాలుగు బ్లాకులే అనిపిస్తుంది గానీ, మంచులో సూట్‌కేస్ చక్రాలు తిరగవు, ఈడ్చుకెళ్ళాలి.

5. హోటల్ ఎక్కడ

డౌన్‌టౌన్ నడిబొడ్డున ఉన్న లూప్‌లో గానీ, నదికి ఉత్తరాన రివర్ నార్త్‌లో గానీ, ట్రైన్ స్టేషన్‌కి మూడు బ్లాకుల లోపు చూసుకోండి. ఊరి బయట పది ఇరవై డాలర్లు తక్కువకి దొరికిందని తీసుకుంటే అటూ ఇటూ తిరగడంలోనే రోజు అయిపోతుంది. పైగా హోటల్ దగ్గరుంటే మధ్యాహ్నం రూమ్‌కి వచ్చి ఒక గంట పడుకుని మళ్ళీ వెళ్ళొచ్చు, చలికాలంలో ఆ గంట చాలా విలువైంది.

నేపర్‌విల్‌లోనో అరోరాలోనో బంధువుల ఇంట్లో దిగేవాళ్ళకి మెట్రా ట్రైన్ ఉంది. రూట్ 59 స్టేషన్‌లోనో నేపర్‌విల్‌లోనో బీఎన్‌ఎస్‌ఎఫ్ లైన్ ఎక్కితే యూనియన్ స్టేషన్‌లో దింపుతుంది. తిరుగు ట్రైన్ టైమ్ ముందే చూసి పెట్టుకోండి, ఒకటి పోతే, ముఖ్యంగా వీకెండ్‌లో, తర్వాతదానికి చాలాసేపు ఆగాలి.

కారు మాత్రం డౌన్‌టౌన్‌లోకి తేకండి. పార్కింగ్ రేట్లు ఒక ఎత్తు, మంచు రూల్స్ ఇంకో ఎత్తు. డిసెంబర్ 1 నుంచి ఏప్రిల్ 1 దాకా చాలా మెయిన్ రోడ్ల మీద తెల్లవారుజామున 3 నుంచి 7 దాకా కారు పెట్టకూడదు, ఆ రాత్రి మంచు పడినా పడకపోయినా సరే, లాక్కెళ్ళిపోతారు.

6. ఊళ్ళో తిరగడం

సీటీఏ, అంటే సిటీ ట్రైన్లకీ బస్సులకీ వెంట్రా అనే ట్రాన్సిట్ కార్డు గానీ, ట్యాప్ చేసే బ్యాంకు కార్డు గానీ చాలు. ఇండియా కార్డు వాడేట్టయితే బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ చేసుకోండి, గేటు దగ్గర నిలబడి ఓటీపీ కోసం ఇండియా సిమ్ వెతుక్కునే పరిస్థితి రాకూడదు. రోజుకి మూడు నాలుగు సార్లు ఎక్కి దిగేవాళ్ళకి డే పాస్ లాభం.

ముఖ్యమైన విషయం: బస్సు కోసం బయట నిలబడకండి. ఫోన్‌లో బస్ ట్రాకర్ చూసుకుని లోపలే కూర్చుని, రెండు నిమిషాలు అని చూపించినప్పుడు బయటికి రండి. ట్రైన్ ప్లాట్‌ఫామ్‌ల మీద చలికాలంలో హీటర్లు ఉంటాయి, పైన దీపాల్లా ఉండి కింద బటన్ ఉంటుంది, నొక్కితే కాసేపు వెలుగుతాయి. చాలామంది అది తెలియక పక్కనే వణుక్కుంటూ నిలబడతారు.

అడ్రస్‌లు తేలిక ఇక్కడ. స్టేట్ స్ట్రీట్, మాడిసన్ స్ట్రీట్ కలిసే మూల సున్నా. అక్కడ్నుంచి ఉత్తరానికో పడమరకో వెళ్తే 800 నంబర్లకి ఒక మైలు. 400 నార్త్ అంటే అర మైలు ఉత్తరానికి, అంటే చలిలో పది నిమిషాల నడక అని నంబర్ చూడగానే తెలిసిపోవాలి. వ్యాకర్ డ్రైవ్ దగ్గర మాత్రం జాగ్రత్త, అక్కడ రోడ్డు పైన ఒకటి కింద ఒకటి ఉంటాయి, ఫోన్ మ్యాప్ తికమక పడిపోతుంది, క్యాబ్ బుక్ చేస్తే పైన ఉన్నామని డ్రైవర్‌కి మెసేజ్ పెట్టండి.

ఇక పెడ్‌వే. డౌన్‌టౌన్ కింద బిల్డింగుల మధ్య నడిచే దారులు. మేసీస్, డేలీ సెంటర్, సిటీ హాల్, కల్చరల్ సెంటర్, మిలీనియమ్ స్టేషన్ ఇవన్నీ చాలావరకు కిందనుంచే కలుస్తాయి. వీక్‌డేస్‌లో పగలు వాడుకోండి, రాత్రిళ్ళు, శని ఆదివారాల్లో చాలా తలుపులు మూసి ఉంటాయి. దారి తప్పితే గాభరా వద్దు, కనిపించిన మెట్లు ఎక్కి పైకి వచ్చి వీధి పేరు చూసుకోవడమే.

7. మూడు రోజుల ప్లాన్

ఏ రోజు ఏది అన్నది వాతావరణం చూసి మార్చుకోండి, లోపలి వరస మాత్రం మార్చకండి.

మొదటి రోజు: లూప్. పొద్దున తొమ్మిదిన్నర పదికి బయల్దేరండి, ఎనిమిదింటికి వెళ్ళి చేసేదేమీ లేదు, ఏవీ తెరవవు. ముందు మిలీనియమ్ పార్క్‌లో క్లౌడ్ గేట్, అందరూ బీన్ అంటారు, ముంబైలో పుట్టిన అనీశ్ కపూర్ చేసింది. పొద్దున్నే జనం ఉండరు, మీద పల్చగా మంచు ఉంటే ఇంకా బాగుంటుంది. పదిహేను నిమిషాలు. రోడ్డు దాటితే కల్చరల్ సెంటర్, ఫ్రీ. లోపల 38 అడుగుల టిఫనీ గాజు గుమ్మటం ఉంది, పైకి చూస్తూ కూర్చోవచ్చు, ఒళ్ళు వేడెక్కేదాకా కూర్చోండి, ఎవరూ ఏమీ అనరు. తర్వాత ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. వివేకానందుడు 1893 సెప్టెంబర్ 11న మాట్లాడింది ఈ బిల్డింగ్‌లోనే, మా అమ్మ అయితే పెయింటింగుల కంటే ముందు అదే అడిగింది. మంగళ బుధవారాలు సెలవు, చూసుకుని వెళ్ళండి. అక్కడ మూడు గంటలు తేలిగ్గా అయిపోతాయి, క్లోక్ రూమ్‌లో జాకెట్లు ఇచ్చేసి తిరగండి.

సాయంత్రం విల్లిస్ టవర్ స్కైడెక్, 103వ అంతస్తు. టికెట్ రెండు రోజుల ముందు కొనేయకండి. మబ్బు రోజున అక్కడ కనిపించేది తెల్లటి గోడే. ఎముకలు కొరికే చలి రోజుల్లో ఆకాశం తరచు నిర్మలంగా ఉంటుంది, అలాంటి రోజు చూసి అప్పుడు కొనండి. డిసెంబర్‌లో పొద్దు నాలుగూ ఇరవైకే గుంకుతుంది కాబట్టి మూడున్నరకి పైన ఉంటే పగలు, సంధ్య, లైట్లు మూడూ ఒకే టికెట్‌లో చూసేస్తారు. వేసవిలో ఇలా చూడాలంటే రాత్రి తొమ్మిది దాకా ఆగాలి.

రెండో రోజు: మ్యూజియం క్యాంపస్. ఫీల్డ్ మ్యూజియం, షెడ్ అక్వేరియం, ఆడ్లర్ ప్లానెటేరియం మూడూ పక్కపక్కనే. 146 నంబర్ బస్సు వెళ్తుంది. మూడూ ఒకే రోజు పెట్టుకోకండి, రెండే. ఫీల్డ్‌లో సూ అనే టీ-రెక్స్ అస్థిపంజరం ఉంది, పిల్లలుంటే ముందు అక్కడికే. ఆడ్లర్ లేక్ లోపలికి చొచ్చుకుపోయిన చివర్న ఉంటుంది, అక్కడి గాలి ఊళ్ళో అన్ని చోట్ల కంటే ఘోరం, కానీ డౌన్‌టౌన్ మొత్తం ఒకే వరసలో కనిపించేది కూడా అక్కడ్నుంచే. ఫోటో తీసుకుని వెంటనే లోపలికి.

ఒక పొరపాటు ఇక్కడే జరుగుతుంది: "ఫ్రీ డే" అని చూసి వెళ్తారు. ఆ ఫ్రీ డేలు ఇల్లినాయ్ రాష్ట్రంలో ఉండేవాళ్ళకి, ఐడీ చూపించాలి. మీ అన్నయ్యకి ఫ్రీ, మీకు కాదు. పైగా ఆ రోజు లైన్ కూడా ఎక్కువ. టూరిస్టులు ఆ రోజు తప్పించుకుని వెళ్ళడమే నయం.

మూడో రోజు: పచ్చదనం, మన తిండి. గ్రీన్ లైన్‌లో కన్జర్వేటరీ స్టేషన్‌లో దిగితే ఎదురుగానే గార్‌ఫీల్డ్ పార్క్ కన్జర్వేటరీ. ముందు ఆన్‌లైన్‌లో టైమ్ బుక్ చేసుకోండి. బయట అంతా తెల్లగా ఎండిపోయి ఉంటుంది, తలుపు తీయగానే వెచ్చటి తేమ గాలి మొహానికి తగులుతుంది, కళ్ళజోడు మొత్తం తెల్లగా మసకేసేస్తుంది, తుడుచుకుని చూస్తే ఎదురుగా తాటి జాతి చెట్లు, ఫెర్న్‌లు. మా అమ్మ ఒక అరటి ఆకు పట్టుకుని చాలాసేపు నిలబడింది. నెల రోజులుగా మంచు చూసి చూసి విసిగిపోయిన పెద్దవాళ్ళకి దీనికి మించిన చోటు ఈ ఊళ్ళో లేదని నా అభిప్రాయం.

జూ చూడాలనుకుంటే లింకన్ పార్క్ జూ ఏడాదంతా ఫ్రీనే, మిషిగన్ అవెన్యూ మీద 151 బస్సు. సాయంత్రం డెవాన్ అవెన్యూ: రెడ్ లైన్‌లో లొయోలా దాకా వెళ్ళి 155 బస్సు ఎక్కండి. పటేల్ బ్రదర్స్ 1974లో మొదలైంది ఈ వీధిలోనే. వేడి వేడి ఇడ్లీ సాంబారు, చాయ్, తాంబూలం అన్నీ దొరుకుతాయి.

గుడికి వెళ్ళాలంటే అరోరాలో బాలాజీ గుడి, లెమాంట్‌లో రాముడి గుడి, రెండింటికీ కారు కావాలి. బూట్లు విప్పాలి కాబట్టి బ్యాగ్‌లో ఒక జత పొడి సాక్సులు పెట్టుకోండి, బూట్ల దగ్గర కరిగిన మంచు నీళ్ళు ఉంటాయి, ఒక్క అడుగు పడినా సాక్సు తడిసిపోతుంది.

8. మంచు మీద నడక

కొత్త మంచు భయం లేదు, మెత్తగా ఉంటుంది. భయపడాల్సింది బ్లాక్ ఐస్‌కి, అంటే రోడ్డు తడిగా ఉన్నట్టు కనిపించే పల్చటి గాజు పొర. పగలు కరిగిన నీళ్ళు సాయంత్రానికి గడ్డకట్టి అలా అవుతాయి, అందుకే పొద్దు గుంకాక ఎక్కువమంది పడతారు.

- చిన్న చిన్న అడుగులు, పాదం మొత్తం ఒకేసారి ఆన్చాలి, మోకాళ్ళు కొంచెం వంచి.
- చేతులు జేబుల్లో పెట్టుకోవద్దు, పడితే ఆపుకోవడానికి చేతులు బయట ఉండాలి.
- మెట్ల మీద రెయిలింగ్ వదలొద్దు.
- లేక్ ఒడ్డున గడ్డకట్టిన నీళ్ళ మీదకి అసలు ఎక్కొద్దు. గట్టి నేలలా కనిపిస్తుంది, కింద బోలుగా ఉంటుంది.
- పెద్ద బిల్డింగుల కింద "ఐస్ పడుతుంది జాగ్రత్త" అని బోర్డు ఉంటే గోడ పక్కనుంచి నడవకుండా అవతలి ఫుట్‌పాత్‌కి మారండి.

రోడ్డు దాటేచోట ఫుట్‌పాత్ అంచున బూడిద రంగులో మంచు కుప్ప ఉంటుంది, గట్టిగా కనిపిస్తుంది, అడుగు వేస్తే చీలమండ దాకా ఐసు నీళ్ళు. ముందు బూటు కొనతో తట్టి చూడండి, లేదా ముందు ఎవరో దాటిన అడుగులోనే అడుగు వేయండి. కాలు తడిసిందంటే ఆ పూట ప్రోగ్రామ్ అక్కడితో ఆపి రూమ్‌కి వెళ్ళి సాక్సులు మార్చుకోవాల్సిందే, "ఫర్లేదులే" అనుకుంటే అరగంటలో వేళ్ళు మొద్దుబారతాయి.

9. తిండి, నీళ్ళు

చలికి ఆకలి ఎక్కువ, దాహం తెలియదు. నీళ్ళ సీసా దగ్గర పెట్టుకుని టైమ్ చూసి తాగండి.

డీప్ డిష్ పిజ్జా కాలడానికి ముప్పావుగంట పడుతుంది, కూర్చోగానే ఆర్డర్ పెట్టేయండి. వెజ్‌లో పాలకూరది బాగుంటుంది. నలుగురికి మీడియం చాలు, మొదటిసారి వెళ్ళి పెద్దది చెప్పి సగం వదిలేసిన వాళ్ళే ఎక్కువ. శాకాహారులు సూపుల దగ్గర జాగ్రత్త, పేరులో కూరగాయలే ఉన్నా మరిగించింది చికెన్ నీళ్ళలో కావచ్చు, అడగండి. చిల్లీ అని రాసి ఉంటే అది మిరపకాయ కాదు, సాధారణంగా బీఫ్ వేసి వండిన బీన్స్. బిల్లు మీద పది శాతం పైన ట్యాక్స్, ఆపైన 18 నుంచి 20 శాతం టిప్, ఇది లెక్కలో ముందే వేసుకోండి.

10. పెద్దవాళ్ళు, పిల్లలతో

షుగర్ ఉన్నవాళ్ళకి కాళ్ళలో స్పర్శ తగ్గి ఉండొచ్చు, చలి తగిలినా, వేడి కాలినా వాళ్ళకి తెలియదు. వాళ్ళ బూట్లలో వార్మర్ ప్యాకెట్లు పెట్టకండి. రూమ్‌కి రాగానే సాక్సులు విప్పి పాదాలు మీరే చూడండి. గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్ళు బయల్దేరే ముందు డాక్టర్‌ని ఒకసారి అడగాలి, మందులు హ్యాండ్‌బ్యాగ్‌లో ఉండాలి, ట్రావెల్ ఇన్సూరెన్స్ లేకుండా ఇక్కడ అడుగు పెట్టొద్దు.

పిల్లలు చలేస్తోందని చెప్పరు, ఆటలో పడి. పదిహేను నిమిషాలకోసారి గ్లవ్ తీసి వేళ్ళు పట్టుకుని చూడండి.

వేలు గానీ, ముక్కు కొన గానీ, చెవి గానీ తెల్లగానో బూడిద రంగులోనో పాలిపోయి స్పర్శ లేకపోతే అది ఫ్రాస్ట్‌బైట్ మొదలు. వెంటనే లోపలికి తీసుకెళ్ళండి. రుద్దొద్దు, హీటర్ ముందు పెట్టొద్దు, గోరువెచ్చటి నీళ్ళలో ఉంచండి. రంగు తిరిగి రాకపోతే హాస్పిటల్‌కి, ఎమర్జెన్సీ అయితే 911.

11. ఎక్కువమంది చేసే తప్పులు, సరిచేసుకోవడం

*లోపలికి వచ్చాక జాకెట్ విప్పకపోవడం.* లోపల హీటింగ్ బాగా ఉంటుంది, పది నిమిషాల్లో చెమట పడుతుంది, ఆ చెమటతో బయటికి వెళ్తే వణుకు రెండింతలు. తలుపు దాటగానే జిప్ తీసేయండి, మళ్ళీ బయటికి వెళ్ళే ముందు లోపలే నిలబడి అన్నీ వేసుకోండి, బయటికొచ్చాక కాదు.

*ఫోటోల కోసం గ్లవ్స్ తీసి మర్చిపోవడం.* బీన్ దగ్గర రోజూ చూస్తాను. అందరి ఫోన్‌లో అందరూ తీసుకుంటే ఇరవై నిమిషాలు. ఒక్కరి ఫోన్, మూడు ఫోటోలు, తర్వాత షేర్ చేసుకోండి.

*ఫోన్ బయటి జేబులో పెట్టడం.* చలికి బ్యాటరీ 40 శాతం ఉండగానే ఆగిపోతుంది. లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేచోట పెట్టండి. ఆగిపోతే వెచ్చబడ్డాక మళ్ళీ ఆన్ అవుతుంది, పాడైందనుకోకండి.

*రాత్రి లూప్‌లో తిరగడం.* ఆఫీసులు మూసేశాక ఆ వీధులు త్వరగా ఖాళీ అయిపోతాయి. భోజనానికి రివర్ నార్త్ వైపు వెళ్ళండి. రాత్రి ట్రైన్ ఎక్కాల్సి వస్తే మొదటి పెట్టెలో, డ్రైవర్ దగ్గర కూర్చోండి.

*ముక్కులోంచి రక్తం చూసి హడలిపోవడం.* హీటర్ గాలి పొడిగా ఉండడం వల్ల చాలామందికి వస్తుంది. ముక్కు లోపల కాస్త వాజలీన్, రాత్రి రూమ్‌లో తడి టవల్ ఆరేయండి. ఆగకుండా కారుతుంటే, లేదా రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళయితే మాత్రం డాక్టర్‌కి చూపించండి.

12. స్నో తుఫాను వస్తే

రెండు రోజుల ముందే తెలుస్తుంది. తెలిసిన వెంటనే ఎయిర్‌లైన్ యాప్ తెరవండి, పెద్ద తుఫానులప్పుడు చాలా ఎయిర్‌లైన్స్ ఫైన్ లేకుండా తేదీ మార్చుకోనిస్తాయి, ఫ్లైట్ క్యాన్సిల్ అయ్యేదాకా ఆగితే మిగతా ఫ్లైట్లు నిండిపోతాయి. ఇండియా ఫ్లైట్ ఇంకో ఊరి నుంచి ఉంటే, వీలైతే ముందు రోజే ఆ ఊరు చేరుకోండి.

తుఫాను రోజున రూమ్‌లో రెండు పూటలకి సరిపడా తిండి, నీళ్ళు, మందులు ఉండాలి. బోర్ కొడుతుందనుకుంటే ట్రైన్లు నడుస్తున్నంతసేపు బ్రౌన్ లైన్ ఎక్కి కూర్చోండి. అది బిల్డింగుల మధ్యలోంచి, రెండో అంతస్తు ఎత్తులో, లూప్ చుట్టూ తిరిగి వెళ్తుంది. వెచ్చటి సీటు, కిటికీ అవతల మంచు పడుతూ ఉంటుంది, ఖర్చు ఒక్క టికెట్.

రోజూ రూమ్ తలుపు వేసే ముందు

- ఫీల్స్ లైక్ ఎంత, గాలి ఎంత
- సాక్సులు పొడిగా ఉన్నాయా, బ్యాగ్‌లో ఇంకో జత ఉందా
- ఫోన్, పవర్ బ్యాంక్ ఫుల్ ఛార్జ్
- మొదటి వెచ్చటి చోటు ఏది, అది ఈరోజు తెరిచి ఉందా
- అక్కడికి ఎన్ని బ్లాకులు నడవాలి
- పెద్దవాళ్ళ మధ్యాహ్నం మాత్రలు
- వార్మర్ ప్యాకెట్లు చింపారా